కన్నాబినాయిడ్ మందుల చిన్న కంపెనీ: ఆ సీఈఓని నమ్మి ఇంకా ఎన్నాళ్ళు ఉండాలి?

కపిలతీర్థం_జిరాక్స్ | సోమవారం, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. తిరుపతిలో కపిలతీర్థం రోడ్డులో జిరాక్స్ షాపు నాది. మూడేళ్ళుగా ఇక్కడ చదవడమే గానీ రాసేది ఇదే మొదలు. కొంచెం పొడుగ్గా ఉంటాది, ఓపిగ్గా చదవండి.

మా అక్క కొడుక్కి పదకొండేళ్ళు. లెన్నాక్స్-గాస్టో అనే రకం ఫిట్స్. నిలబడినోడు నిలబడినట్టే కూలిపోతాడు. అందుకే ఇంట్లో గూడా సైకిల్ హెల్మెట్ పెట్టుకునే తిరగతాడు. 2018 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇదే జబ్బుకి ఎపిడయోలెక్స్ అనే మందుకు అనుమతి ఇచ్చింది. గంజాయి మొక్కలో దొరికే కన్నాబిడయాల్‌తో చేసింది, మత్తు రాదు. ఇట్లాంటి పదార్థాల్నే కన్నాబినాయిడ్లు అంటారు. ఆ వార్త చదివిన రోజు నుంచి ఈ రంగం మీదే నా కన్ను. ఆ మందు చేసిన జీడబ్ల్యూ కంపెనీని 2021లో జాజ్ అనే పెద్ద కంపెనీ 7.2 బిలియన్ డాలర్లకు కొనేసింది. నేను చేరేటప్పటికి ఆ బండి వెళ్ళిపోయింది. అదే దారిలో పనిచేస్తా ఉండే ఒక చిన్న కంపెనీ కనిపిస్తే, రెండేళ్ళ పాటు కొంచెం కొంచెంగా 3,000 షేర్లు తీసుకున్నా. సగటున 1.80 డాలర్లు పడింది.

ఇప్పుడు జరిగింది చెప్తా. వాళ్ళ మందుకి ఫేజ్ 2, అంటే రోగుల మీద చేసే రెండో దశ పరీక్ష, ఫలితాలు సంవత్సరం మొదటి సగంలో వస్తాయన్నారు. తర్వాత సంవత్సరం చివర అన్నారు. ఇప్పుడు ‘తగిన సమయంలో’ అంటా ఉండారు. మధ్యలో చీఫ్ మెడికల్ ఆఫీసర్ మానేసినాడు, దానికి రెండే లైన్ల ప్రకటన, కారణం లేదు. ఆ తర్వాత ఇరవై షేర్లకు ఒకటి చొప్పున రివర్స్ స్ప్లిట్. నా 3,000 కాస్తా 150 అయినాయి. ఈ రోజు ధర ఆరు డాలర్లు. లెక్క మీరే వేసుకోండి. అదే నెలలో సీఈఓకి కొత్త ధర మీద కొత్త ఆప్షన్లు (తర్వాతెప్పుడైనా ఆ ధరకే షేర్లు కొనుక్కునే హక్కు) ఇచ్చినారు. వాటాదారులకు ఆయన రాసిన ఉత్తరంలో మాత్రం ‘మునుపెన్నడూ లేనంత బలంగా ఉన్నాం’ అని ఉంది.

మా ఇంటామె ఒకటే అడిగింది: ‘ఆయన్ని నువ్వెప్పుడన్నా చూసినావా? మాట విన్నావా?’ జవాబు చెప్పలేకపోయినా.

ఇంకో మూడు వారాల్లో వార్షిక సమావేశం. ఆయన్నే మళ్ళీ డైరెక్టరుగా ఎన్నుకోమని కాగితం వచ్చింది. ఉండాలా, అమ్మేయాలా? తెలిసినోళ్ళు చెప్పండి.

నిర్వాహకుడు | సోమవారం, రాత్రి 11:15

స్వాగతం అన్నా. కంపెనీ పేరు, సీఈఓ పేరు ఎవరూ రాయొద్దు. వాళ్ళు ఇక్కడికి వచ్చి జవాబు చెప్పుకోలేరు. కొనండి, అమ్మండి అని సలహాలు వద్దు. ఎలా చూడాలి, ఎక్కడ చూడాలి అన్నది ఎంతైనా మాట్లాడుకోండి. బయటికి తెలిసిన పాత కేసులైతే పేర్లతో రాయొచ్చు.

కొర్లగుంట_కుర్రోడు | మంగళవారం, ఉదయం 8:05

అన్నా, ఫలితాల ముందు అమ్మేసినోళ్ళే ఎప్పుడూ బాధపడతారు. నా దగ్గర గూడా ఉంది ఇది. రివర్స్ స్ప్లిట్ అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజ్ నాస్‌డాక్ రూలు కోసం చేసింది. షేరు వరసగా 30 పనిదినాలు ఒక డాలరు కింద ఉంటే నోటీసు ఇస్తారు, 180 రోజుల్లో పైకి రావాలి. లిస్టింగ్ పోకుండా కాపాడుకున్నారు గదా, దాన్ని తప్పనడం ఎందుకు? నేనైతే ఆరు డాలర్ల దగ్గర ఇంకొన్ని తీసుకుందామనుకుంటున్నా.

గ్రీమ్స్‌పేట_సీఏ | మంగళవారం, మధ్యాహ్నం 2:20

చిత్తూరు నుంచి. నాకు ఈ షేరు లేదు, కానీ నిన్న రాత్రి కూర్చుని వాళ్ళ కాగితాలు చూశాను. పేరు చెప్పకపోయినా గుర్తుపట్టడం కష్టం కాలేదు.

తమ్ముడూ కుర్రోడా, రివర్స్ స్ప్లిట్ తప్పని ఎవరూ అనట్లేదు. ఇరవై రూపాయల చిల్లర ఇచ్చి ఒక నోటు తీసుకున్నట్టే అది, దాంతో మన వాటా మారదు. మారేది ఆ తర్వాత. షేర్ల సంఖ్య తగ్గింది గానీ కంపెనీ జారీ చేసుకోవడానికి అనుమతి ఉన్న షేర్ల గరిష్ఠ సంఖ్య అంతే ఉందా, అదీ తగ్గిందా? చూడండి. ఇక్కడ తగ్గించలేదు. అంటే ఇప్పుడున్న షేర్లతో పోలిస్తే కొత్తవి అచ్చేసి అమ్మడానికి ఇంతకు ముందుకన్నా చాలా ఎక్కువ చోటు దొరికింది. మన వాటా పలచబడేది ఇక్కడే.

ఇంకోటి. ఏటీఎం అమ్మకాలంటే మన బ్యాంకు మిషన్ కాదు. మార్కెట్ ధరకే కంపెనీ తన కొత్త షేర్లను కొంచెం కొంచెంగా జనంలోకి వదులుతుంది. అది చట్టబద్ధమే, మందుల చిన్న కంపెనీలన్నీ చేసేదే, ఎందుకంటే వాళ్ళకి అమ్మడానికి మందు ఇంకా లేదు, షేరే సరుకు. నేను చూసింది ఏంటంటే, ఒక్కో తీపి ప్రకటన వచ్చిన త్రైమాసికంలోనే ఆ అమ్మకం ఎక్కువగా ఉంది. ప్రకటనలో కొత్త డేటా ఏమీ లేదు. ఒకదాంట్లో ఏదో సదస్సులో పోస్టరు పెట్టామని, ఇంకోదాంట్లో సలహా మండలిలోకి ఒకరిని తీసుకున్నామని.

నాకు అన్నిటికన్నా నచ్చనిది ఖర్చుల పట్టిక. పరిశోధన మీద పెట్టిన డబ్బు కన్నా పరిపాలన ఖర్చు ఎక్కువ, అదీ వరసగా రెండేళ్ళు. మందు కోసం పెట్టిన కంపెనీలో మందు మీద కన్నా ఆఫీసు మీద ఎక్కువ ఖర్చవుతోందంటే సీఈఓని ఆ ఒక్క ప్రశ్న అడిగితే చాలు. ఆడిటర్ గూడా ‘మరో సంవత్సరం నడవగలదా అన్నదానిపై గణనీయమైన సందేహం’ అని రాశాడు. చిన్న బయోటెక్‌లలో ఆ వాక్యం కొత్తేమీ కాదు, కానీ సీఈఓ ఉత్తరంలో దాని ఊసే లేదు.

ఎడిసన్_పలమనేరు | మంగళవారం, రాత్రి 9:30

అక్కా, మీరు చెప్పిన లెక్కల్లో తప్పు లేదు. నేను న్యూజెర్సీలో ఉంటాను, ఈ కంపెనీలో మీ అందరికన్నా ఎక్కువే పెట్టాను, అది ముందే చెప్పేస్తున్నా. కానీ ఓపిక గురించి ఒక మాట.

జీడబ్ల్యూని 1998లో జెఫ్రీ గై, బ్రయాన్ విటిల్ మొదలుపెట్టారు. ఎపిడయోలెక్స్‌కి ఎఫ్‌డీఏ అనుమతి 2018లో. ఇరవై ఏళ్ళు! మధ్యలో వాళ్ళని కూడా జనం ఇలాగే తిట్టుకుని ఉంటారు. ఈ రంగమే నత్తనడక. గంజాయిలో మత్తు తెచ్చే పదార్థం టీహెచ్‌సీని మెషూలమ్, గవోనీ అనే శాస్త్రవేత్తలు విడదీసింది 1964లో. శరీరంలోనే తయారయ్యే అలాంటి పదార్థాన్ని కనిపెట్టింది 1992లో. దానికి మన ‘ఆనంద’ శబ్దం తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఇంత నెమ్మదిగా నడిచే శాస్త్రంలో ఆరు నెలల ఆలస్యానికి సీఈఓని దించేద్దామా?

ఇంకో ఉదాహరణ కార్బస్ అనే కంపెనీ. వాళ్ళ లెనబాసమ్ మందు 2020 సెప్టెంబరులో ఫేజ్ 3లో విఫలమైంది, ఒక్క రోజులో షేరు నాలుగింట మూడు వంతులు పోయింది. 2023లో ముప్పైకి ఒకటి రివర్స్ స్ప్లిట్. అదే సీఈఓ ఉన్నాడు, క్యాన్సర్ మందు వైపు దారి మార్చాడు, 2024 జనవరిలో షేరు ఒక్కసారిగా ఎగిసింది. ఆ రోజు దించేసి ఉంటే?

పద్మావతి_ఫార్మసీ_2009 | బుధవారం, ఉదయం 7:10

ఎడిసన్ అన్నా, కార్బస్ ఉదాహరణే తీసుకుందాం, ఎందుకంటే అది మీ వాదనకి కాక మా అనుమానానికే పనికొస్తుంది. కార్బస్ ఫలితం చెడ్డదైనా అది చెప్పాల్సిన రోజున చెప్పారు. ప్రైమరీ ఎండ్‌పాయింట్ (ట్రయల్ ప్రధాన లక్ష్యం) అందలేదని ఆ రోజే ప్రకటించారు. షేరు కూలింది, కానీ ఎందుకు కూలిందో అందరికీ తెలుసు. ఇక్కడ మన సమస్య వైఫల్యం కాదు. ఏం జరుగుతోందో చెప్పకపోవడం.

నేను పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదివి, పదిహేనేళ్ళుగా బెంగళూరులో క్లినికల్ ట్రయల్స్ డేటా చూసే పనిలో ఉన్నాను. ఒక చోటు చూపిస్తాను, డబ్బు ఖర్చు లేదు. అమెరికా ప్రభుత్వపు క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ వెబ్‌సైట్లో మీ కంపెనీ ట్రయల్ పేజీ తెరవండి. అందులో పాత మార్పుల చరిత్ర అని విడిగా ఒక ట్యాబ్ ఉంటుంది. మొదటి రోజు వాళ్ళు ఏం రాశారు, తర్వాత ఎప్పుడెప్పుడు ఏం మార్చారు అన్నీ తేదీలతో ఉంటాయి. రెండు వెర్షన్లు పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు, కొట్టేసింది ఎర్రగా, కొత్తగా చేర్చింది పచ్చగా కనబడుతుంది.

మూడు విషయాలు చూడండి. ప్రైమరీ కంప్లీషన్ తేదీ, అంటే ప్రధాన ఫలితం కోసం చివరి రోగి కొలత పూర్తయ్యే తేదీ, ఎన్నిసార్లు వెనక్కి జరిగింది. రోగుల సంఖ్య తగ్గిందా. ప్రైమరీ ఎండ్‌పాయింట్ అంటే ఏది కొలిచి మందు పనిచేసిందని చెబుతారో అది మధ్యలో మారిందా. తేదీ జరగడం మామూలే, రోగులు దొరక్క ఆలస్యమవుతుంది. సంఖ్య తగ్గితే డబ్బు లేదని అర్థం కావచ్చు. మూడోది మారితే మాత్రం నేను కుర్చీలో నిటారుగా కూర్చుంటాను.

ఇంకో పాత కథ. జైనర్బా అని పెన్సిల్వేనియా కంపెనీ ఉండేది. చర్మం మీద రాసే కన్నాబిడయాల్ జెల్, ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యు జబ్బు ఉన్న పిల్లల కోసం. 2015లో 14 డాలర్లకు ఐపీఓ. 2020లో పెద్ద ట్రయల్ మొత్తం మీద విఫలమైంది. జన్యువు పూర్తిగా మూసుకుపోయిన పిల్లల్లో మాత్రం పనిచేసినట్టు కనిపించిందని, వాళ్ళ మీద మళ్ళీ ట్రయల్ మొదలుపెట్టారు. 2023లో హార్మొనీ అనే కంపెనీ షేరుకు దాదాపు 1.11 డాలర్ల నగదుకి, తర్వాత ఫలితాలు బాగుంటే ఇంకొంత ఇస్తామనే మాటకి దాన్ని కొనేసింది. 2025 సెప్టెంబరులో ఆ రెండో ట్రయల్ కూడా ప్రధాన లక్ష్యం అందుకోలేదని హార్మొనీ చెప్పింది. దీంట్లో ఎవరో మోసం చేశారని నేను అనట్లేదు. అయినా 14 డాలర్ల దగ్గర కొన్నవాళ్ళకి మిగిలింది అది. వైఫల్యంలోంచి ఏరిన ఉపవర్గం మీద ఆశ పెట్టుకోవడం ఎంత ప్రమాదమో తెలియడానికి చెప్పాను.

జిరాక్స్ అన్నా, మీ మేనల్లుడి గురించి విడిగా ఒక మాట. ఇంటర్నెట్‌లో అమ్మే సీబీడీ (కన్నాబిడయాల్) నూనెలు తెచ్చి పోయకండి. ఎపిడయోలెక్స్ మీద జరిగిన ట్రయల్స్‌లో డోసు పిల్లవాడి బరువును బట్టి, కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని, మెల్లగా పెంచుతూ ఇచ్చారు. బాబు వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు వాడుతుంటే లివర్ ఎంజైములు పెరగొచ్చు. క్లోబజామ్ అనే ఇంకో ఫిట్స్ మందు వాడుతుంటే దాని ప్రభావం పెరిగి మత్తుగా పడి ఉండొచ్చు. న్యూరాలజిస్టుకి చెప్పకుండా ఒక్క చుక్క వద్దు.

కపిలతీర్థం_జిరాక్స్ | బుధవారం, మధ్యాహ్నం 1:40

చెల్లెమ్మా, ఆ రెండు మందులూ వాడతా ఉండాడు. మంచి పని చేసినావు చెప్పి. అక్కకి ఫోన్ చేసి చెప్పేసినా. పోయిన నెల ఎవరో వాట్సాప్‌లో నూనె పంపిస్తామంటే సగం మనసు పడింది దానికి.

తోతాపురి_బంగారుపాళ్యం | బుధవారం, సాయంత్రం 6:30

నాయనలారా, నాకు యాభై షేర్లు ఉండాయి, మా వాడు నా పేరన కొన్నాడు. ట్రయల్సు నాకు తెలీవు. మామిడికాయ తెలుసు.

మాకు పోయినేడాది (2025) సీజన్లో తోతాపురి రేటు పడిపోయింది. కిలో ఎనిమిది రూపాయలు ఫ్యాక్టరీ, నాలుగు ప్రభుత్వం ఇచ్చేటట్టు మాట అయింది. పల్ప్ ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడినాయి. కాయ కిందనే మగ్గిపోతా ఉంటే రసం కారి టైర్ల కింద మట్టంతా జిగటగా అయిపోయింది, ఈగలు. ఒక ఫ్యాక్టరీ ఆయన గేటు దగ్గరికి వచ్చి నిలబడి, ‘పోయినేడు సరుకే గోడౌన్లో ఉంది, ఈ రోజు ఇరవై బండ్లు తీసుకోగలను, మిగతావాళ్ళు వేరే చోట చూసుకోండి’ అని చెప్పినాడు. తిట్టుకుంటానే వెనక్కి తిరిగినాం. ఇంకో చోట గేటుకి తాళం వేసి, లోపల మేనేజరు ఫోన్ ఎత్తలేదు. వాచ్‌మన్ మాత్రం ‘ఇంకో గంటలో, ఇంకో గంటలో’ అని రెండు రాత్రులు నిలబెట్టినాడు. ఆ రెండో గేటుకి ఈ జన్మలో నేను బండి తోలను.

ఇప్పుడు మీరు చెప్పండి, మన సీఈఓ ఏ గేటు?

ఎడిసన్_పలమనేరు | గురువారం, ఉదయం 6:00

పెద్దాయనా, మీ మాట రాత్రంతా నా మనసులో ఉంది. అయినా ఒకటి చెప్పనివ్వండి. ట్రయల్ నడుస్తుండగా, ఎవరికి మందు ఎవరికి ప్లేసిబో (మందు లేని ఉత్తుత్తి డోసు) అన్నది కంపెనీవాళ్ళకీ తెలియకుండా కట్టేసి ఉంచుతారు. అందులో ఆయన చెప్పగలిగింది తక్కువే. ఒకళ్ళకి చెప్పి ఇంకొకళ్ళకి చెప్పకుండా ఉండడమూ అక్కడి రూలు ప్రకారం కుదరదు. మౌనమంతా దాపరికం కాదు.

పద్మావతి_ఫార్మసీ_2009 | గురువారం, ఉదయం 9:45

ఫలితం చెప్పలేరు, ఒప్పుకుంటాను. ఎంతమంది రోగులు చేరారో చెప్పొచ్చు. తేదీ ఎందుకు జరిగిందో చెప్పొచ్చు. మెడికల్ ఆఫీసర్ స్థానంలో ఎవరిని వెతుకుతున్నారో చెప్పొచ్చు. ట్రయల్ మధ్యలో ఆ మనిషి లేకపోతే రోగుల భద్రత ఎవరు చూస్తున్నారు? దీనికి గుట్టు ఎందుకు?

కపిలతీర్థం_జిరాక్స్ | గురువారం, రాత్రి 11:55

చూసినా అందరికీ చెప్పాలని రాస్తా ఉండా.

అమెరికా మార్కెట్ ఇప్పుడు మనకు రాత్రి ఏడింటికి తెరుస్తారు. అది మా షాపులో రష్ టైము. దర్శనం టికెట్ ప్రింట్లు, ఆధార్ జిరాక్సులు, లైను ఉంటాది. కాబట్టి షట్టర్ సగం దించినాక, పదింటికి కూర్చున్నా. వాళ్ళ 10-కే, అంటే ప్రభుత్వానికి ఇచ్చే వార్షిక నివేదిక, మొత్తం ప్రింట్ తీసినా. నూట నలభై పేజీలకు పైన. చెడిపోయిన కాగితాల వెనకవైపు తీసినా, అందుకని ఒక వైపు కంపెనీ నష్టాల లెక్క, తిప్పితే ఎవరిదో హాస్టల్ అప్లికేషను.

చెల్లెమ్మ చెప్పిన ట్యాబ్ తెరిచినా. ప్రైమరీ కంప్లీషన్ తేదీ నాలుగు సార్లు జరిగింది. నాలుగిట్లో రెండిటికి ప్రెస్ రిలీజ్ లేదు, అక్కడ తేదీ మార్చేసి ఇక్కడ నోరెత్తలేదు. రోగుల సంఖ్య దాదాపు మూడోవంతు తగ్గించినారు. ఎర్ర గీత కొట్టేసిన పాత సంఖ్య, పక్కన పచ్చది, వేలు పెట్టి చూసినా. ఎండ్‌పాయింట్ మాత్రం మారలేదు, అది చెప్పాల. ఉన్నది ఉన్నట్టు చెప్పాల గదా.

ఫారం 4లు గూడా చూసినా. కంపెనీ పెద్దలు షేర్లు కొన్నా అమ్మినా రెండు పనిదినాల్లో పెట్టాల్సిన కాగితం అంట. ఐదేళ్ళలో సీఈఓ సొంత డబ్బుతో కొన్న షేరు ఒక్కటీ లేదు. వచ్చినవన్నీ కంపెనీ ఇచ్చిన ఆప్షన్లే. అమ్మింది గూడా లేదు, ఆ మాటా చెప్తా ఉండా.

నేను జిరాక్స్ తీసి సంపాదించిన డబ్బు పెట్టినా. ఆయన పెట్టలేదు. నాకు కష్టంగా ఉంది ఇది చదివినప్పటి నుంచి.

కొర్లగుంట_కుర్రోడు | శుక్రవారం, ఉదయం 8:20

అన్నా, నిజంగా ఐదేళ్ళలో ఒక్కటీ లేదా? నేను ఆ కాగితం ఉంటుందని గూడా తెలీకుండా ధర పడినప్పుడల్లా ఇంకొన్ని కొని మూడుసార్లు యావరేజ్ చేసినా. ఆరు డాలర్ల దగ్గర కొందామనుకున్నది ఆపేస్తున్నా. దొంగలు వీళ్ళు.

గ్రీమ్స్‌పేట_సీఏ | శుక్రవారం, ఉదయం 11:00

ఆ మాట వాడకు తమ్ముడూ. మనం చూసినదాంట్లో దొంగతనం లేదు. రెండిటికీ తేడా తెలియాలి. ఈ రంగంలోనే ఇన్సిస్ అని ఒక కంపెనీ ఉండేది, టీహెచ్‌సీని కృత్రిమంగా చేసిన ద్రవ మందు సిండ్రోస్‌కి 2016లో అనుమతి తెచ్చుకుంది. కానీ ఫెంటానిల్ అనే చాలా బలమైన నొప్పి మందుతో వాళ్ళు చేసిన స్ప్రేని రాయించడానికి డాక్టర్లకు లంచాలిచ్చారని కేసు. వ్యవస్థాపకుడు జాన్ కపూర్‌ని 2019 మేలో జ్యూరీ దోషిగా తేల్చింది, జూన్‌లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, 2020 జనవరిలో ఆయనకి 66 నెలల జైలు. అది నేరం. మనది అలాంటిది అనడానికి ఒక్క ఆధారం లేదు.

మనకున్నది వేరే అనుమానం. ఈయన జీతం, ఆప్షన్లు, పదవి అన్నీ మందు గెలిచినా గెలవకపోయినా నడిచేలా ఉన్నాయి. చైర్మన్ ఆయనే, సీఈఓ ఆయనే. బోర్డులో ఐదుగురైతే ముగ్గురు మొదటినుంచీ ఆయనతో ఉన్నవాళ్ళు. ఆయన్ని ‘ఎందుకు’ అని అడిగే మనిషి ఆ గదిలో లేడు. నా అభ్యంతరం ఇదీ.

ఓటు సంగతి. ఎజెండా కాగితంలో డైరెక్టరు ఎన్నికకి ‘వద్దు’ అనే గడి ఉండదు, చూడండి. ‘ఫర్’ (మద్దతు), ‘విత్‌హోల్డ్’ (మద్దతు ఇవ్వను) అంతే. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళే గెలిచే ప్లూరాలిటీ పద్ధతి కాబట్టి పోటీ లేనప్పుడు ఒక్క ఓటు పడినా గెలిచినట్టే. జీతాల మీద ఓటు గూడా సలహా మాత్రమే, బోర్డు వినాలని లేదు. మరి ఎందుకు వేయాలంటే, ఆ అంకెలు నాలుగు పనిదినాల్లో 8-కే అనే బహిరంగ ప్రకటన కాగితంలో బయటికి వస్తాయి. విత్‌హోల్డ్ ఎక్కువగా పడితే పెద్ద ఇన్వెస్టర్లు చూస్తారు. ఆప్షన్ల పథకానికి ఇంకా షేర్లు కలపాలన్న మూడో అంశం మాత్రం నిజంగా ఓడిపోగలదు. దాని మీద తప్పకుండా వేయండి. మీ యాప్‌లో ఓటు దారి లేకపోతే బ్రోకర్‌కి మెయిల్ పెట్టి అడగండి.

తోతాపురి_బంగారుపాళ్యం | శుక్రవారం, మధ్యాహ్నం 12:15

అమ్మా, మా చెల్లెలు అడగతా ఉంది. గంజాయి కంపెనీలో డబ్బు పెడితే పోలీసోళ్ళు రారా అని.

గ్రీమ్స్‌పేట_సీఏ | శుక్రవారం, మధ్యాహ్నం 12:40

పెద్దాయనా, మీరు కొన్నది గంజాయి కాదు, అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉన్న మందుల కంపెనీ షేరు. మన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొమ్మ చివర్లు. మీకు భయం ఉండాల్సింది ఆదాయపు పన్ను రిటర్న్‌లో. విదేశీ ఆస్తుల షెడ్యూల్ ఎఫ్ఏలో యాభై షేర్లయినా చూపించాలి, అదీ క్యాలెండర్ సంవత్సరం లెక్కన. మీ అబ్బాయిని ఒకసారి అడగండి.

ఎడిసన్_పలమనేరు | శుక్రవారం, రాత్రి 10:10

నేను రాత్రి ఆ ట్రయల్ చరిత్ర మళ్ళీ మళ్ళీ చూశాను. నాలుగేళ్ళుగా ఈ షేరు నా దగ్గరుంది, ఆ ట్యాబ్ ఒక్కసారి కూడా నొక్కలేదు. ప్రెస్ రిలీజులు చదివి, అదే పరిశోధన అనుకున్నాను. ఫారం 4 విషయంలో ఒక్క మాట ఆయన తరఫున: ట్రయల్ లోపలి సంగతులు తెలిసినప్పుడు వాళ్ళు కొనడానికి వీల్లేని రోజులు ఉంటాయి. కానీ ఐదేళ్ళలో అన్ని రోజులూ అలాంటివే అని నేను నమ్మలేను.

సమావేశం ఆన్‌లైన్‌లో. నేను చేరతాను. ప్రశ్నలు పంపండి, ముందుగా సమర్పించవచ్చు.

పద్మావతి_ఫార్మసీ_2009 | శుక్రవారం, రాత్రి 10:45

నావి రెండే. రోగుల సంఖ్య తగ్గించాక ట్రయల్‌కి స్టాటిస్టికల్ పవర్, అంటే మందు పనిచేస్తే ఆ తేడాని పట్టుకోగలిగే బలం, సరిపోతుందా, దాన్ని ఎవరు లెక్కించారు? కొత్త మెడికల్ ఆఫీసర్ వచ్చేదాకా భద్రత బాధ్యత ఎవరిది?

కపిలతీర్థం_జిరాక్స్ | శుక్రవారం, రాత్రి 11:20

నాది ఒకటి. తేదీ మార్చినప్పుడు వాటాదారులకి ఎందుకు చెప్పలేదు? ఇంకేం వద్దు.

ఎడిసన్_పలమనేరు | మూడు వారాల తర్వాత, గురువారం, రాత్రి 9:15

సమావేశం అయిపోయింది. పదిహేడు నిమిషాలు. దాంట్లో పన్నెండు నిమిషాలు కంపెనీ సెక్రటరీ చదివిన నియమాలు, ఓట్ల ప్రకటన. వీడియో లేదు, గొంతు మాత్రమే. ప్రశ్నలకి మిగిలింది ఐదు నిమిషాలు.

నేను మన ప్రశ్నలు మూడూ పెట్టాను, నాది ఇంకోటి. చదివింది రెండే. మెడికల్ ఆఫీసర్ గురించి సీఈఓ, ‘వెతుకుతున్నాం, ఈలోగా బయటి కన్సల్టెంట్ చూస్తున్నారు’ అన్నాడు. అది నిజమైన జవాబే, మూడు నెలల కింద చెప్పి ఉండాల్సింది. ఇక తేదీ గురించి జిరాక్స్ అన్న ప్రశ్న చదివారు. చదివాక కొంతసేపు ఏ చప్పుడూ లేదు, నేను లైను తెగిందేమో అనుకున్నా. తర్వాత ఆయన, ‘మా ప్రకటనలన్నీ నిబంధనల ప్రకారమే ఉన్నాయి’ అన్నాడు. అంతే. స్టాటిస్టికల్ పవర్ ప్రశ్న చదవలేదు.

నిబంధనల ప్రకారమే ఉన్నాయా అని మనం అడగలేదు. ఎందుకు చెప్పలేదని అడిగాం. ఇన్నాళ్ళూ ఆయన తరఫున మాట్లాడింది నేనే, అందుకే ఇది రాయడం నాకు తేలిక కాదు. నేను సగం అమ్మేస్తున్నాను.

గ్రీమ్స్‌పేట_సీఏ | మరుసటి మంగళవారం, సాయంత్రం 5:30

8-కే వచ్చింది. సీఈఓ గెలిచాడు, గెలవక తప్పదు. కానీ వేసిన ఓట్లలో మూడోవంతుకు పైన విత్‌హోల్డ్. ఆప్షన్ల పథకానికి షేర్లు కలిపే అంశం ఓడిపోయింది. ఇది చిన్న విషయం కాదు. యాభై షేర్ల పెద్దాయన ఓటు గూడా దాంట్లో ఉంది.

తోతాపురి_బంగారుపాళ్యం | మంగళవారం, సాయంత్రం 6:05

మా వాడి చేత బ్రోకర్‌కి మెయిల్ పెట్టించి మరీ వేసినానమ్మా.

కపిలతీర్థం_జిరాక్స్ | మంగళవారం, రాత్రి 10:40

నేను నిన్న 150లో 110 అమ్మేసినా. నష్టమే. నలభై ఉంచుకున్నా, ఎందుకంటే ఎండ్‌పాయింట్ మారలేదు, ట్రయల్ ఇంకా నడస్తానే ఉంది, మందు పనిచేయొచ్చు. మందు మీద నమ్మకం పోలేదు. ఆయన మీద పోయింది. ఈ రెండూ వేరని తెలియడానికి నాకు నాలుగు లక్షలు పట్టింది.

అక్క కొడుకుని పోయిన శనివారం న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకుపోయినాం. కన్నాబిడయాల్ గురించి నేనే అడిగినా, చెల్లెమ్మ రాసిన లివర్ సంగతి, క్లోబజామ్ సంగతి కాగితం మీద రాసుకుని పోయి. ఆయన ఆ కాగితం తీసుకుని పూర్తిగా చదివినాడు. ముందు లివర్ పరీక్ష చేయించుకుని రమ్మన్నాడు, ఇప్పుడున్న మందుల్లో ఒకటి కొంచెం మార్చినాడు. వాడు ఈ వారం రెండుసార్లే పడినాడు.

కొర్లగుంట_కుర్రోడు | మంగళవారం, రాత్రి 10:55

సంతోషం అన్నా. నా దగ్గర ఇంకో మందుల కంపెనీ షేరు ఉంది. దాని 10-కే నాకు గూడా ప్రింట్ తీసిస్తావా? ఫోన్లో చదవడం నాతో కావడం లేదు.

కపిలతీర్థం_జిరాక్స్ | మంగళవారం, రాత్రి 11:00

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి తీస్తా షాపు. రష్ ఉండదు, రా. ఫారం 4లు యాడ చూడాలో గూడా చూపిస్తా.